చూపుడువేలంత ముల్లంగి

ఆ ఊళ్ళో ముల్లంగి ఎంత ఉంటుందని అడిగితే ఎవరైనా చూపుడువేలు చూపిస్తారు. చిన్నపిల్లైనా అంతే, పండుముసలైనా అంతే. నోటితో జవాబు చెప్పేవాళ్ళు తక్కువ. వేలు ఎత్తి, రెండో చేత్తో దాని మొదలు పట్టుకుని, ఇంత, అంటారు. ఆలేరు సంతలో మూరెడు ముల్లంగులు చూసినవాళ్ళు లేకపోలేదు. కాని అవి నీళ్ళున్న ఊళ్ళ సరుకు, మన గరుసు మట్టికి అంత శక్తి ఎక్కడిది, అని వాళ్ళకు వాళ్ళే తీర్పు చెప్పుకుని, తమ పెరట్లో ముల్లంగి వేలెడంత కాగానే పీకి పులుసులో వేసుకుంటారు. అంతలోనే ఎందుకు పీకాలని అడిగినవాళ్ళు లేరు. తాతలు పీకారు, తండ్రులు పీకారు. ఊరందరికీ తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. ఎవరి పెరట్లోనైనా కాయగాని దుంపగాని మణికట్టు లావు తేలిందంటే దాని తొలికాపు దొర ఉండే గడికి పోవాలి. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళే లేకపోయారు.

కుమ్మరి అండాలు కూడా అలా చూసిన మనిషి కాదు. ఆమె చూసింది ముల్లంగిని.

ఆ పొద్దున పెరట్లో మడి ముందు గొంతుక్కూర్చుని ఉంది. మార్గశిరం చలికి ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. ఆకులను చేతి వెనకవైపుతో పక్కకు తోసింది. నిన్న నేల మీదికి కొద్దిగా తేలిన ముల్లంగి ఈ రోజు ఇంకొంచెం పైకి లేచింది. పైన లేతాకుపచ్చ, కిందికి పోయేకొద్దీ తెలుపు. చుట్టూ మట్టి పగిలి నెర్రె ఇచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి దాని మెడ చుట్టూ పట్టుకోబోయింది. వేళ్ళు కలవలేదు. రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. బుద్ధి తెలిసినప్పటినుంచీ ఈ మట్టినే తొక్కింది, పిసికింది, జల్లెడ పట్టింది. ఇన్నేళ్ళ సావాసంలో ఈ మట్టి ఇంత పని చేయగలనని తనతో ఒక్కసారైనా అనలేదేమిటి?

"పిల్లా, దాన్ని చూసుకుంట కూసుంటె పొయ్యి ఎవలు ముట్టిస్తరు?" గుడిసె తలుపు దగ్గరినుంచి అత్త బిక్షమ్మ అరిచింది.

"అత్తా, జర ఇటు రా. నిన్నటికి ఇయ్యాల్టికి ఇంకింత లేచింది."

"లేస్తది. లేసి మన కొంప మీదికొస్తది. వేలెడంత ఉన్ననాడే పీకెయ్యమన్న. విన్నవా? ఊరందరిది ఒక తొవ్వ, ఉలిపికట్టెది ఒక తొవ్వ."

పీకకపోవడానికి అండాలు దగ్గర పెద్ద కారణమేమీ లేదు. ముల్లంగి వేలెడంత అయిన రోజుల్లోనే యూనియన్ మిలట్రీ బండ్లు ఊరి పక్కనుంచి పోయాయి. నిజాం లొంగిపోయాడని చెప్పుకున్నారు. జనం భయపడి కొన్నాళ్ళు తలుపులు తీయలేదు. తలుపు తీసి పెరట్లోకి వచ్చేసరికి ముల్లంగి రెండు వేళ్ళ లావు అయింది. ఇంకో రోజు చూద్దాంలే అనుకుంది. ఆ తర్వాత చూడటమే పని అయిపోయింది.

"గడిల ఇప్పుడు ఎవలున్నరత్తా? గబ్బిలాలున్నయి," అంది అండాలు. దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్ళు ఊళ్ళోకి వచ్చిన ఏడే దొర పట్నం పారిపోయాడు.

"దొర పోయిండు గని భయం పోయిందా? అది గీడనే ఉన్నది." బిక్షమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మీ మామ ఒక్క సొరకాయను గడ్డి కింద దాచిండు. గడి ముంగట నడుం వంచి ఈపు మీద బండ వెట్టిన్రు. పొద్దు గూకేదాక. ఆ నడుం మళ్ల సక్కగ కాలే. సొరకాయ కోసం, బిడ్డా. బతికుంటె బలుసాకు తిని బతకొచ్చు."

అండాలు చెంబులో మిగిలిన నీళ్ళు మొదట్లో పోసి లేచింది. మడిలో ముల్లంగులన్నీ ఒకే తీరుగా లేవు. గోడ వైపు సగం మడి రాతినేల మీద ఉంది. అక్కడివి వేలెడంతకే ఆగిపోయి, కొన్ని వంకరపోయి, రెండుగా చీలి, ఊరి మాటను నిలబెడుతున్నాయి. ఇవతలి సగంలో ఉన్నవే ఈ వింత చేస్తున్నవి. ఆ సగం కింద పాతర ఉంది. లెవీ ధాన్యానికి వచ్చేవాళ్ళ కంట పడకుండా జొన్నలు దాచడానికి అండాలు మగడు ఐలేశం నిలువెత్తు గొయ్యి తవ్వాడు. రాళ్ళు ఒక్కొక్కటే ఏరి బయట పోశాడు. ఆ జొన్నలు తిని వాడకట్టంతా కరువు దాటింది. ఐలేశం మాత్రం దాటలేదు. ఎండాకాలంలో మన్ను తేవడానికి పోయినవాణ్ణి రజాకార్లు అక్కడే కాల్చేశారు. పాతర ఖాళీ అయ్యాక అత్తాకోడళ్ళు ఇద్దరే దాన్ని పూడ్చారు. కుండలు కాల్చే వాములో మిగిలిన బూడిద, జొన్నపొట్టు, జల్లెడ పట్టిన మన్ను, ఏది దొరికితే అది పోశారు. పైన చారెడు ముల్లంగి గింజలు చల్లింది అండాలు. ఆ జాగా ఉత్తగా కనబడితే చూడలేక చల్లింది.

*

మధ్యాహ్నానికి జీపు చప్పుడు వినిపించింది. వెనక మిలట్రీ బండి ఒకటి. అవి గడి ముందు ఆగాయని, దొర దిగాడని, తలమీద కొత్తగా కాంగ్రెసు తెల్లటోపీ ఉందని, గడి తలుపుల తాళాలు తీస్తుంటే గబ్బిలాలు గుంపుగా లేచాయని, కూలికి పోయినవాళ్ళు వచ్చి చెప్పారు. మిలట్రీ వాళ్ళు ఊరి బయట డేరాలు వేస్తున్నారట.

పొద్దు వాలేలోగా గడి జీతగాడు బీరప్ప కర్ర పట్టుకుని వాడకట్టులోకి వచ్చాడు. దొర లేని రోజుల్లో గొర్లు కాసుకుని బతికిన మనిషి. ఆ కర్ర ఎక్కడ దాచాడో, ఇవాళ మళ్ళీ బయటికి వచ్చింది. గొంతు మాత్రం పాత గొంతు కాదు. చెప్పే మాట తనకే మింగుడుపడనట్టు ఆగి ఆగి చెప్పాడు.

"దొరవారు వచ్చిండ్రు. రేపు పొద్దు తిరిగేలోపల ఇంటికొక తొలికాపు గడికి తేవాలె. ఎట్టిచాకిరి గాదంట. ఆనవాయితంట."

"గదేంది బీరప్పా, ఎట్టి ఎత్తేసినమన్నరు గద?" పక్కింటి గోవిందమ్మ వాకిట్లోనుంచి అడిగింది.

"నన్నెందుకు అడుగుతవు గోవిందమ్మా. చెప్పుమన్నది చెప్తున్న." రెండడుగులు వేసి మళ్ళీ ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "కూరగాయల కోసం గాదు. గడిల తినెటోళ్ళు ఎందరున్నరు? ఎవలు తెస్తరు, ఎవలు తేరు, చూస్తుండు. తేనోళ్ళ పేరు డేరాలకు పోతది. సంగపోళ్ళు అంటె చాలు, మిలట్రోళ్ళు ఇంకేం అడగరు."

ఆ సాయంత్రం ఊళ్ళో ప్రతి పెరట్లో ఆకులు కదిలాయి. దొర లేని ఏడాదిన్నరలో ఊరు కొంచెం ధైర్యం చేసింది. సొరకాయలను సాగనిచ్చింది, గుమ్మడికాయలను పండనిచ్చింది. ఇప్పుడు వాటిని కోసి ఎక్కడ పెట్టాలో తోచక ఆడవాళ్ళు తికమకపడ్డారు. గోవిందమ్మ తన గుమ్మడికాయను జొన్నల గుమ్మిలోకి దించింది. మళ్ళీ తీసింది. దుప్పటి చుట్టి మంచం కింద పెట్టింది. చివరికి గోడ మీదినుంచి తల ఎత్తి, "వదినా, మీ ఇంట్ల పెద్ద కాగు ఏదన్న ఉన్నదా?" అని అడిగింది. బిక్షమ్మ అంచు పగిలిన కాగు ఒకటి అందించింది. గుమ్మడికాయ మీద కాగు బోర్లించి, గోవిందమ్మ దాని మీద కూర్చుని పొయ్యి ఊదుకుంది.

కాగు అందించి వచ్చిన బిక్షమ్మ కోడలి దగ్గర నిలబడింది. "ఇప్పుడన్న పీకుతవా?"

"పీకి ఏం జేద్దామత్తా?"

"తీస్కపోయి ఇద్దాం. దాన్నే ఇద్దాం. గింత పెద్దది తెచ్చిన్రని దొర మెత్తబడుతడు. మన జోలికి రాడు. ఐలేశం సంగంల తిరిగిండని ఎవలన్న చెప్తె, కుమ్మరోళ్ళు మంచోళ్ళే అంటడు." బిక్షమ్మ కోడలి భుజం పట్టుకుంది. "ఒక్కణ్ణి ఇచ్చిన. నిన్ను ఇయ్యలేను."

అత్త మాటలో తప్పేమీ లేదు. అండాలుకు అది తెలుసు. తెలిసే కోపం వచ్చింది. అత్త మీద కాదు, తప్పు లేని ఆ మాట మీద. మడి దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చుంది. అన్నిటికంటే లావుగా ఉన్నదాని పక్కన మట్టిలోకి చెయ్యి దూర్చింది. పైమట్టి చల్లగా ఉంది. వేళ్ళు దిగాయి, మణికట్టు దిగింది. వేళ్ళకు ముల్లంగి నున్నగా తగులుతూనే ఉంది. ఇక అయిపోతుందనుకున్న చోట అయిపోలేదు. మోచేయి దాకా దిగింది. బూడిద మెత్తగా, గోరువెచ్చగా చేతిని లోపలికి రమ్మంది. వేళ్ళ చివర ఇంకా ముల్లంగే. రాయి లేదు. ఒక్క రాయి లేదు. ఈ నేలలో చెయ్యి పెడితే రాయి తగలని జాగా ఉంటుందా? రాళ్ళు ఏరింది ఎవరు?

ముల్లంగి తనంతట తాను కిందికి పోలేదు. ఆయన దారి చేసిపెట్టాడు, అది ఆ దారినే పోతోంది. బతికుండగా ఆయనతో పోట్లాడిన మాటలు, చెప్పకుండా మిగిలిపోయిన మాటలు, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. ఏడుపు రాలేదు. భయంలాంటిదే ఏదో వచ్చింది, కాని అది భయం కాదు. గుడిలో తెర తీసినప్పుడు ఎందుకో తెలియకుండా చేతులు జోడిస్తారే, అది.

చెయ్యి బయటికి తీసి, గుంటను పూడ్చి, మట్టిని మెల్లగా అదిమింది.

*

తెల్లారి కాసేపటికి బీరప్ప వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. పెరటి దడి దగ్గర నిలబడి దగ్గాడు.

"అక్కా, ఉన్నవా? మీ పెరట్ల ముల్లంగి ఆకు మోకాలు దాటిందని ఎవలో గడిల చెప్పిండ్రు. నన్ను దగ్గరుండి పీకిచ్చి తీస్కరమ్మన్నరు."

బిక్షమ్మ దడి దాకా వచ్చింది. "ఎవలు చెప్పిన్రు తమ్మీ?"

"ఎవలైతేంది? వాళ్ళ గుమ్మడికాయ దక్కాలెనని చెప్పిండ్రు."

గోవిందమ్మ ఇంటి వైపు ఇద్దరూ చూడలేదు. బీరప్ప కర్రను దడికి ఆనించి లోపలికి వచ్చాడు. మడిని చూశాడు. ఇంకో అడుగు వేసి వంగాడు. నేల మీదికి లేచిన ఆ తెల్లటి మెడను చూసి, తాకబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు.

"గిది మన ఊరి ముల్లంగేనా, కోడలా?"

"మన ఊరిదే మామా."

"మన మట్టిలనే?"

"మన మట్టిలనే."

బీరప్ప కింద కూర్చున్నాడు. "నాకు మీసం రానప్పటి సంది ఈ ఊరి కూర అంత నా నెత్తి మీదనే గడికి పోయింది," అన్నాడు. "వంకాయలు, కాకరకాయలు, కోసిన పొద్దుటి వాసనతోని పోయినయి. ఒక్కటి నా నోట్లకు రాలే. అయినా గింత ముల్లంగి నేను ఎన్నడు మొయ్యలే."

"పీకుత మామా," అంది అండాలు. "ఎంత ఉన్నదో చూడాలెనని నాకే పాణం కొట్టుకుంటాంది. గని ఒక్క మాట ముందే చెప్తున్న. ఇది గడికి పోదు. నీ కొడుకసొంటోడు తవ్విన జాగ ఇది. నువ్వు పోయి చెప్పుకుంటె చెప్పుకో."

"పిల్లా, నోరు ముయ్యి," అంది బిక్షమ్మ. "తమ్మీ, అది పొల్లగాడు పోయినకాడి సంది గిట్లనే..."

బీరప్ప ఆమె మాట విన్నట్టు లేదు. తలపాగా విప్పి పక్కన పెట్టాడు. "ముందు బయటికి రానియ్యక్కా. అటెనుక చూద్దాం."

ఆకులు పట్టి గుంజితే ఆకులే చేతికి వస్తాయి. గడ్డపార వేస్తే దుంప తెగుతుంది. అండాలు రెండు కడవల నీళ్ళు తెచ్చి మొదలు చుట్టూ మెల్లగా పోసింది. బూడిదమట్టి గుటకలు వేస్తూ తాగింది. పగిలిన కుండ పెంకులు రెండు ఏరి, ఒకటి బీరప్పకు ఇచ్చింది. చెరొక వైపు కూర్చుని పెంకులతో మట్టి గీకి బయట పోశారు. మొదట్లో బీరప్ప చెయ్యి గడి పనికి అలవాటుపడినట్టు దురుసుగా ఆడింది. అండాలు ఆ చేతిని పట్టుకుని, "మెల్లగ మామా, తోలు గీరుకుంటది," అంది. ఆ తర్వాత అతను పసిపిల్లకు నీళ్ళు పోసినంత మెల్లగా గీకాడు. గుంట మోచేయి లోతు అయింది. ముల్లంగి ఇంకా కిందికి ఉంది. పెంకు వదిలేసి ఉత్త చేతులతో తోడారు. ఇద్దరి తలలూ గుంటలోకి వంగి ఒకదానికొకటి తగిలాయి. నవ్వలేదు ఎవరూ.

దడి దగ్గర నిలబడ్డ బిక్షమ్మ ఎప్పుడు వచ్చిందో తెలియదు. వాళ్ళ పక్కన కూర్చుని, తనూ మట్టి తోస్తోంది.

"ఇప్పుడు పట్టు," అంది అండాలు. ఆమె మెడ దగ్గర పట్టుకుంది. బీరప్ప నడుము దగ్గర. ఇటు కొంచెం, అటు కొంచెం కదిపారు. లోపల ఏదో వదులైంది. నేల చిన్నగా నిట్టూర్చినట్టు చప్పుడు చేసి ముల్లంగిని విడిచిపెట్టింది. ఇద్దరూ వెనక్కి పడ్డారు.

బీరప్ప ఒళ్ళో పడింది ముల్లంగి. తెల్లగా, తిన్నగా, ఎక్కడా వంకర లేకుండా. అండాలు తన చెయ్యి చాపి పక్కన పెట్టి చూసింది. వేళ్ళ చివరినుంచి మోచేయి దాటింది. తోక వేరు భుజం దాకా వచ్చింది. ఆ వేరుకు బూడిద అంటుకుని ఉంది, దాంతోపాటు పాతరలో ఎప్పుడో మిగిలిపోయిన జొన్నపొట్టు. ముగ్గురూ చూశారు. ఇంతకాలం కాళ్ళ కింద ఈ బలం పెట్టుకుని, వేలు ఎత్తి, ఇంత, అని చూపిస్తూ బతికారు. మట్టి ఎప్పుడూ అంతే అనలేదు. అన్నది వాళ్ళే. భయాన్ని మట్టి గుణం అనుకున్నారు.

బిక్షమ్మ దాన్ని బీరప్ప ఒళ్ళోనుంచి తీసుకుంది. కొంగుతో బూడిద తుడిచింది. తోక వేరును చేతికి చుట్టుకుంది.

"గింత లోతు తవ్విండా వీడు," అంది. "నాకు చెప్పనేలేదు. నడుం నొస్తాందన్నడు. మన్ను తెచ్చి తెచ్చి నొస్తదిలే అన్న." ఆమె అప్పటిదాకా కొడుకు పోయినందుకు ఊరి ముందు ఏడ్చింది, ఊరికోసం ఏడ్చింది. ఇప్పుడు తనకోసం ఏడ్చింది. ముల్లంగిని ఒళ్ళో పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, సడి చేయకుండా ఏడ్చింది. అండాలు అత్త వీపు మీద చెయ్యి వేసింది.

బీరప్ప తలపాగా అందుకుని దులిపాడు. కట్టుకోలేదు. ఒళ్ళో వేసుకుని మడతలు పెట్టాడు, విప్పాడు. గడి వైపు ఒకసారి చూశాడు. ఈ పెరట్లోనుంచి దాని పైకప్పు ఒక్కటే కనబడుతుంది.

"అక్కా," అన్నాడు. "ఉప్పున్నదా?"

బిక్షమ్మ తలెత్తింది.

"ఉప్పు దే. అటెనుక గా గోడ మొదట్ల సన్నయి ఉన్నయి సూడు. రెండు పీకు కోడలా. గడికి అవి పోతయి."

అండాలు కొడవలితో కోసింది. కొడవలి దిగిన చోట నీళ్ళు చిమ్మాయి. మొదటి ముక్క అత్తకు ఇచ్చింది, రెండోది బీరప్పకు. ఉప్పు అద్దుకుని కొరికితే కరకరమంది. ముందు తీపి, వెంటనే ముక్కులోకి ఘాటు. ముగ్గురి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. బీరప్ప రెండో ముక్క అడగడానికి సిగ్గుపడ్డాడు. అడగకుండానే బిక్షమ్మ పెట్టింది. మూడోది తనే తీసుకున్నాడు.

*

గడి ముందు వాకిట్లో జనం బారుగా నిలబడ్డారు. బుట్టల్లో చిన్న చిన్న వంకాయలు, పూత వీడని సొరపిందెలు, గుప్పెడు చిక్కుడుకాయలు. ఇంత ఊరు ఇంత తక్కువ తేవడం ఎలా నేర్చుకుందో చూస్తే నవ్వొచ్చేదే, నవ్వే ధైర్యం ఉంటే. గోవిందమ్మ ఒక పచ్చి గుమ్మడి పిందె పట్టుకుని, అండాలును చూసి తల దించుకుంది.

దొర కుర్చీలో కూర్చున్నాడు. పట్నంలో చిక్కిపోయినట్టున్నాడు. తెల్లటోపీ కొంచెం పెద్దదై చెవుల మీదికి దిగుతోంది. పక్కన మిలట్రీ జవాను తుపాకి నేలకు ఆనించి, ఈ కాయల జాతర ఏమిటో అర్థంకాక ఒక్కొక్క బుట్టలోకీ తొంగిచూస్తున్నాడు.

"కుమ్మరోళ్ళు," అన్నాడు బీరప్ప.

అండాలు ముందుకు వచ్చింది. రెండు చేతుల్లో రెండు ముల్లంగులు, చూపుడువేలంతవి. ఒకటి చివర చీలింది.

దొర వాటిని చూశాడు. బీరప్పను చూశాడు. "ఆకు మోకాలు దాటిందన్నరు. దుంప గింతేనా?"

అండాలు బీరప్ప వైపు చూసింది. బీరప్ప ఒక్క మాట అంటే చాలు. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట అనడమే అతని కొలువు.

"ఆకే దొరా," అన్నాడు బీరప్ప. "ఆకు గొప్పకు పోయింది. దుంప సాగలే. నా చేతులతోని నేనే పీకిన. మన మట్టి గింతే."

చెబుతూ చెబుతూ అతను ఆగాడు. అండాలు అది చూసింది. ముల్లంగి తిన్నవాడికి తేన్పు రాకుండా ఉంటుందా? లోపలినుంచి వస్తున్నదాన్ని బీరప్ప పెదవులు బిగించి, మెడ నరాలు తేలేలా మింగుతున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. దొర ముక్కు ఎగబీల్చాడు. అండాలు గబుక్కున చేతులు రెండూ ముందుకు చాపింది. చీలిన ముల్లంగి దొర ముక్కు దాకా పోయింది.

"వాసనకే ఇవి, దొరా," అంది.

దొర ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పళ్ళెంలో వెయ్యమని చెయ్యి ఊపాడు. "గీ ఊరి మట్టిల ఏం పెరగదని మా నాయిన గూడ అనేటోడు," అని జవానుతో చెప్పాడు. జవానుకు తెలుగు రాదు. దొరకు ఆ మాట చెప్పుకోవడంలోనే ఏదో తృప్తి ఉన్నట్టుంది. "వచ్చేయేడు జర మంచిగ పెంచున్రి."

"గట్లనే దొరా," అంది అండాలు. ఆ మాట మనసారా అంది.

గడి గోడ మలుపు తిరిగేదాకా బీరప్ప ఊపిరి బిగబట్టే నడిచాడు. తిరగగానే ఆగి, గోడకు చెయ్యి ఆనించి, తేన్చాడు. పక్కింటి కుక్క లేచి చూసింది. అండాలుకు నవ్వు ఆగలేదు. ఐలేశం పోయినతర్వాత నవ్వడం అదే మొదలు. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"నీకు నవ్వొస్తాంది కోడలా," అన్నాడు బీరప్ప. "నా పాణం ఆ తేన్పుల ఉండె." అతనూ నవ్వాడు. తర్వాత తన చేతిలోని కర్రను ఎగాదిగా చూసి, మళ్ళీ భుజాన వేసుకుని గడి వైపే పోయాడు. రేపు ఏమవుతుందో అతనికీ తెలియదు.

*

ఇంటికి వచ్చేసరికి మడి కనబడలేదు. పెరట్లో ఇవతలి సగం నిండా ఐలేశం చేసిపోయిన కుండలు బోర్లించి ఉన్నాయి. అంచు పగిలినవి, వాములో వంకరపోయినవి, అమ్ముడుపోనివి. కుమ్మరి పెరట్లో కుండలుంటే ఎవరు ఆగి చూస్తారు? ఒక్కోదాని కింద ఒక్కో ముల్లంగి. చివరిది మాత్రం అడుగు ఊడిన బాన. దానిలోనుంచి ఆకులు పైకి లేచి ఉన్నాయి. బిక్షమ్మ ఆ బాన చుట్టూ మన్ను ఎగదోస్తోంది.

"దీన్ని పీకకు," అంది తలెత్తకుండా. "పూతకు రానియ్యి. విత్తనానికి ఉండనియ్యి."

"కనబడతదేమో అత్తా, పూత పొడుగు లేస్తది."

"లేవనియ్యి."

అండాలు కడవ తీసుకుని నీళ్ళకు పోబోయింది. గోడ అవతల గోవిందమ్మ తల కనబడింది. తన గుమ్మడికాయ కోసం చేసిన పని ఆమె ముఖంలో తెలుస్తూనే ఉంది. మెల్లగా అడిగింది.

"వదినా, నిజం చెప్పు. మీ ముల్లంగి ఎంత ఉండె?"

బిక్షమ్మ చేతుల మన్ను దులుపుకుంది. అలవాటు కొద్దీ చూపుడువేలు ఎత్తింది. రెండో చేత్తో దాని మొదలు పట్టుకోబోయి ఆగింది. కోడలి వైపు చూసింది. వేలు దించేసింది. ముడతలు పడ్డ కుడిచెయ్యిని ముందుకు చాపి, ఎడమచేతిని దాని మీద మణికట్టు దాటించి, మోచేయి దాటించి, భుజం దాకా తీసుకుపోయి అక్కడ పెట్టింది.

"గింత," అంది.